జనవరి ఒకటిన పుట్టిన పిల్ల

జర దగ్గరికి జరిగి కూసో బిడ్డా. ఫోను బోర్లేసి పక్కకు పెట్టు. నేను చెప్పేది దాని ముచ్చటే. అది చెవులు పెట్టి వింటుంటే నాకు నోరు రాదు.

మాది అమీర్‌పేట, లేడీస్ హాస్టళ్ల సందు. కింది పోర్షన్ల నేను, నా బిడ్డ, దాని బిడ్డ ఉంటం. నా బిడ్డ పంజాగుట్టల ఒక దవాఖాన్ల నర్సు. నేను హాస్టల్ పిల్లలకు రెండు పూటలా వండి పెడ్త. చదువు కూడబలుక్కునేటంత వరకే వచ్చు, గని ఒకసారి విన్న మాట మరువ. నా కాడ అన్నం తినాల్నంటే ఎవరైనా మూడు మాటలు చెప్పాలె: ఏ ఊరు, ఎవరి బిడ్డవు, ఇంటిపేరు ఏంది. అందుకే పిల్లలు మా వంటింటికి ఠాణా అని పేరు పెట్టిన్రు. పెట్టుకోనీ.

మనుమరాలికి పన్నెండేండ్లు. బడి నుంచి వచ్చినంక వాళ్లమ్మ వచ్చేదాక ఫోన్ల బొమ్మలకు బట్టలు తొడిగే ఆట ఆడ్తది. కొన్ని దినాల సంది ఆడుకుంట ఆడుకుంట నవ్వుడు, ఏదో రాసుడు. ఎవరితోనే అంటే కొత్త ఫ్రెండ్ అన్నది. హన్మకొండ పిల్లట, ఏడో తరగతట. ఇంటిపేరు అడిగిన. బొమ్మల ఆటల ఇంటిపేరెందుకని నన్నే కసిరింది.

గా ఫ్రెండు రోజూ తిన్నవా అని అడుగుతదట. మంచిదే అనుకున్న. ఇంట్ల ఎవరున్నరు, మీ అమ్మ డ్యూటీ ఎన్నింటికి అయితది అని సుత అడుగుతదని తెలిసినంక నాకు అనుమానం మొదలైంది. ఏడో తరగతి పిల్లకు ఎవరి అమ్మ డ్యూటీతోనో ఏం పని?

గురువారం పొద్దున మనుమరాలు జడ మంచిగ వెయ్యి, స్కూల్ డ్రెస్సుల ఫొటో తియ్యి అన్నది. ఎందుకంటే చెప్పదు. జడ సగంల ఆపి కూసున్న. బడి గంటకు భయపడి అప్పుడు కక్కింది: ఫొటో ఫ్రెండుకు పంపాలెనట. శనివారం ఆ పిల్ల హైదరాబాద్ వస్తదట, పంజాగుట్ట మెట్రో మెట్ల కాడ కలుద్దమన్నదట. ఇంట్ల చెప్పొద్దట.

ఫొటో పంపనియ్యలే. సాయంత్రం ఫోను ముందల పెట్టించి, నేను చెప్పింది రాయి అన్న. "మీ ఇంట్ల ఆరో రోజు బతుకమ్మకు ఏం పలారం చేస్తరు?"

నిమిషంల జవాబు వచ్చింది. మా అమ్మ నువ్వుల లడ్డూలు చేస్తది, నీకు సుత తెస్త అని.

ఆరో రోజు అలిగిన బతుకమ్మ గద. ఆనాడు పూలు పేర్చుడు లేదు, పలారం లేదు. హన్మకొండల పుట్టిన పిల్లకు ఇది తెల్వదా? దొరికింది దొంగ అన్న. మనుమరాలు ఏడ్చుకుంట నా మొకమే చూసింది.

"నాకు సుత తెల్వదు గద అమ్మమ్మా. మరి నేను సుత దొంగనేనా?"

కొంగుతోని దాని కండ్లు తుడిచిన. గని అనుమానం పోలే.

మా కాడ తినే పిల్లల్ల గోదావరి దిక్కు పిల్ల ఒకతి ఉంది. పంజాగుట్టల ఏదో ఆఫీసుల కూసొని, ఫోన్ల ఆటల మీద జనం పెట్టే ఫిర్యాదులు చదువుతది. ఊరోళ్ల ఫిర్యాదులు చదివేది సుత ఒక కొలువేనా అని ఆర్నెల్లు దాన్నే అనుమానపడ్డ. ఆ రోజు దాన్నే పిలిచిన. ముందల ఇంక జవాబియ్యొద్దన్నది. మనుమరాలు భయానికి అన్నీ తుడిచేస్తనంటే, తుడవకమ్మా, అవే సాక్ష్యం అన్నది. ఫోను అటిటు చూసి నా దిక్కు తిరిగింది.

"అమ్మమ్మగారూ, ఈ ఆటలో మీ మనవరాలికి అరవై ఐదేళ్లండి."

అప్పుడు యాదికొచ్చింది. ఆట మొదలువెట్టిన్నాడు పిల్ల నా పుట్టిన తారీకు అడిగింది. పదమూడు నిండనోళ్లను అమ్మను పిలుచుకొని రమ్మంటదట, అందుకని. నా పుట్టిన రోజు నాకే తెల్వదు. ఆధార్ల మా ముసలోళ్లకు చానమందికి జనవరి ఒకటే కొట్టిన్రు. నన్ను అడిగేటోళ్లు దొరికిన్రని సంబురంగ చెప్పిన. పిల్లలకైతే తెల్వనోళ్లు రాయకుండ, ఫొటోలు అడగకుండ ఆ ఆటల అడ్డం ఉందట. అరవై ఐదేండ్ల దానికి అడ్డమెందుకని తీసి పెట్టిన్రు. తలుపు గొళ్లెం నా చేతులతోనే తీసిన.

నన్ను నేను తిట్టుకున్నంక ఆట కంపెనోళ్ల మీద మండింది. ఒక్కసారి మోకాళ్ల నొప్పుల నూనె గురించి మాట్లాడితే మూడు రోజులు నూనె సీసలే చూపించింది గా ఫోను. అంత తెలిసినోళ్లకు పిల్లేదో ముసలిదేదో తెల్వదా అన్న.

"తెలుసుకోవచ్చండి" అన్నదా పిల్ల. బడి వదిలే వేళకొచ్చి బొమ్మలకు గౌన్లు తొడిగే ముసలావిడ ఎవరో కొంచెం చూస్తే పట్టుకోవచ్చట. ఒకసారి ఆపి, ఇంట్ల పెద్దోళ్లను పిలువు అనొచ్చట. ఇంట్ల ఎవరున్నరు, ఫొటో పంపు అనే మాటలు వచ్చిన కాడ అడ్డం పడొచ్చట. మరెందుకు చెయ్యరే అంటే, అడ్డం పెడితే ఆడేటోళ్లు తగ్గుతరని కొందరికి భయం అని తల దించుకుంది.

ఫిర్యాదు పెట్టే జాగ దొరకబట్టేతందుకు ఆ కొలువు పిల్లకే టైం పట్టింది. అదీ ఇంగ్లీషుల. కొనుమనే బొమ్మలు వాకిట్ల, ఫిర్యాదు పెరట్ల బాయి ఎనక. పిల్లల విషయం అని వేరేగ ఉన్నది నొక్కాలె, అవి ముందల చదువుతరు అని చెప్పింది. నొక్కంగనే జవాబు వచ్చింది, మీ మాట విన్నం అని. చదవకుండనే విన్నరా అని నాకు ఇంకో అనుమానం. తెల్లారి మాత్రం మనిషి రాసినట్టే వచ్చింది: ఆ ఖాతా మూసినం, రాతలు పోలీసులు అడిగితే ఇస్తం అని. నా బిడ్డ సెలవు పెట్టి ఫోను పట్టుకొని పోలీసు ఠాణాకు పోయింది. వాళ్లు రాసుకున్నరు. అటుదిక్కు ఉన్నది ఎవరో మాకు ఇయ్యాల్టిదాక తెల్వదు. పిల్ల వయసు సరిజేసినం. ఇప్పుడు ఆటల ఎవరన్న కొత్తోళ్లు రావాల్నంటే వాళ్లమ్మ ఫోనును అడుగుతది. ఒక పేరు మూస్తే ఇంకో పేరుతోని రారా అని నేను ఇంకా చూస్తనే ఉంట.

శనివారం పిల్లను ఇల్లు కదలనియ్యలే. అలిగి పొద్దుగూకేదాక తినలే. జడ విప్పుతుంటే మెల్లగ అడిగింది.

"అది నిజంగనే పిల్ల అయితే? మెట్ల కాడ నా కోసం చూస్తుంటే?"

దువ్వెన పక్కకు పెట్టిన. దాని తల నిమురుకుంట అన్న: "అట్లయితే దాని ఇంట్ల సుత నా అసొంటి ముసలిది ఒకతి ఉండి, దాన్ని గడప దాటనియ్యొద్దు బిడ్డా." తల తెచ్చి నా ఒళ్లె పెట్టింది.

మీ ఇండ్ల పిల్లలు సల్లగుండాలె. భయమైన మాట చెవిన పడ్డనాడు వాళ్లు మొదట మీ కాడికే ఉరికి రావాలె. కొట్టకుండ, తిట్టకుండ వినే ఓపిక బతుకమ్మ తల్లి మీకియ్యాలె.