మునెమ్మత్త, పేరు లేని జబ్బు

కొత్త చింతపండు వాసన తగిలితే ఇప్పటికీ నా మెడ వెనక బిగుసుకుంటుంది. నిన్న అంగడిలో ఒకామె గోనెపట్ట మీద పండు పోసి గింజ తీస్తోంది. దుమ్ము కలిసిన ఆ పులుపు వాసనకి నా నడక ఆగిపోయింది. కుడి చేతిలోని సంచిని ముందుజాగ్రత్తగా ఎడమ చేతికి మార్చుకున్నాను. వెంటనే మునెమ్మత్త గుర్తుకొచ్చింది.

తమిళనాడులో ధర్మపురి దగ్గర ఇండూరులో ఆమె మా పక్కింటి మనిషి. చుట్టం కాకపోయినా అత్త అనే పిలిచేదాన్ని. భర్త పోయాక ఏటా చింతచెట్లు గుత్తకు తీసుకుని బతికేది. ఎనభైల్లో ఒక మాసి నెలలో, ఎండలు మొదలయ్యే రోజుల్లో, ప్లస్ టూ పరీక్షలకు చదువుకుంటున్న నేను, ఆమె చెట్టు కింద కాయలు ఏరడానికి వెళ్లాను. పైన మనిషి దోటితో దులుపుతుండగా ఎండుకొమ్మ విరిగి నా మెడకీ భుజానికీ మధ్య పడింది. గాయం త్వరగానే మానింది. అసలు కష్టం ఆ తర్వాత మొదలయింది. కుడి చెయ్యి ఉన్నట్టుండి మొద్దుబారేది, లేదా దానంతటదే ఎగిరిపడేది. కొన్నిసార్లు మాట నోటిదాకా వచ్చి అక్కడే ఆగిపోయేది. ధర్మపురిలో ఎక్స్‌రే తీశారు. సేలంలో ఇంకో డాక్టరు మోకాళ్ల మీద చిన్న సుత్తితో తట్టి చూశాడు. ఇద్దరూ ఏమీ లేదనే అన్నారు, టానిక్ రాసి పంపారు. ఆ మాటతో ఇంట్లో అందరి చూపూ మారింది. నటిస్తున్నానని నాయన అనలేదు గానీ, నా చేతి వంక చూడటం మానేశాడు. అసలే నలుగురిలో నోరు విప్పని దాన్ని, చెప్పుకునేదంతా డైరీకే. ఇప్పుడు ఆ చెయ్యి రాయనివ్వడం కూడా లేదు.

ఒకరోజు మునెమ్మత్త మా ఇంట్లో ఉండగానే కాఫీ గ్లాసు నా చేతిలోంచి జారిపడింది. మా అవ్వ గొణుగుతూ తుడుస్తోంది. అత్త నా పక్కకు జరిగింది.

“పడేముందర చెయ్యి ఎట్లుండె, పాపా?”

అప్పటిదాకా నన్నెవరూ అలా అడగలేదు. మాటలు వెతుక్కుని చెప్పాను. “నా చెయ్యి మాదిరే లేదత్తా. ఎవరిదో చెయ్యి నా భుజానికి వేలాడినట్టుండె.”

నేను ఉన్నదున్నట్టు చెప్పాననుకున్నాను. అవ్వకి మాత్రం అది సాక్ష్యమైపోయింది. అది వేరేవాళ్ల చెయ్యి అని పిల్లే ఒప్పుకుందని వీధంతా చెప్పి వచ్చింది. చింతచెట్టు మీది పేయి, అంటే దెయ్యం, నన్ను పట్టిందని అప్పటికే గుసగుసలు ఉండేవి. దెయ్యాలు వదిలించే పూసారి అమావాస్యకి ముహూర్తం పెట్టాడు. వేపమండలతో కొడుతూ పేయి చేత పేరు చెప్పిస్తారు. తర్వాత అది పట్టిన పిల్ల జుట్టుపాయని మేకుతో చెట్టుకి కొట్టి, కోసి వదిలేస్తారు. ఆ పైన ఊళ్లో ఆ పిల్లకి జీవితాంతం అదే గుర్తు. అందరూ ఎవరి పేరు కోసం ఎదురుచూస్తున్నారో నాకు తెలుసు. మునెమ్మత్త కూతురు గిరిజ పెళ్లి కాకుండానే జ్వరంతో పోయింది. అలా పోయినవాళ్లే పేయిలవుతారని ఊరి నమ్మకం. ఆ పేరు చెప్పేస్తే దెబ్బలు తగ్గుతాయని నాకూ అనిపించేది.

అమావాస్య ముందురోజు సాయంత్రం అత్త వచ్చి, నా ఎదుటే కూర్చుని చింతపండు గింజ తీయసాగింది.

“రేపు నా బిడ్డ పేరే రాబట్టాలని చూస్తారు,” అంది తలెత్తకుండా. “తాళలేకుంటే చెప్పెయ్యి పాపా. నేనేమీ అనుకోను. అది బతికుండంగా ఒకరి మింద చెయ్యెత్తింది లేదు, అంతే.”

“మరి నా చేతికేమయిందత్తా?”

“నాకు తెలీదు. డాక్టరుకీ తెలీలేదు. తెలీదనేదానికి వీళ్లందరికీ ఇంత బయమేంటికో.”

అమావాస్య మధ్యాహ్నం చెట్టు మొదట్లో కూర్చోబెట్టారు. పూసారి నా జుట్టుపాయని వేళ్లకి చుట్టుకున్నాడు. మేకు, సుత్తి పక్కనే ఉన్నాయి. నువ్వెవరు అని అరవంలో అడిగాడు. మండలు వీపు మీద పడ్డాయి. మళ్లీ అడిగాడు. సరిగ్గా అప్పుడే నా చెయ్యి ఎగిరిపడటం మొదలుపెట్టింది. జనం ఒక్కసారిగా కదిలారు. వాళ్ల వెనక మునెమ్మత్త కనిపించింది. రెండు చేతులతో కొంగు పట్టుకుని నన్నే చూస్తోంది. గిరిజ పేరు నా నాలుక మీదికి వచ్చేసింది. మాట అడ్డుపడే జబ్బు ఆ క్షణంలో మాత్రం నాకు అడ్డురాలేదు. అనాలనుకుంటే అనేసేదాన్నే.

“నేను వసంతని,” అన్నాను. “నా చేతికేమయిందో నాకు తెలీదు.”

మొండి పేయి, ఇంకో అమావాస్య కావాలన్నాడు పూసారి. మండ మళ్లీ లేచింది. అప్పుడు నాయన ముందుకొచ్చి, పూసారి వేళ్ల నుంచి నా జుట్టు విడిపించాడు. “నా కూతురు గొంతు నాకు తెలుసు. లెయ్యి అమ్మా, ఇంటికి పోదాం,” అన్నాడు. చాలా రోజుల తర్వాత నా కుడి చేతినే పట్టుకుని నడిపించాడు.

మునెమ్మత్త ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. మర్నాడు పొద్దున్నే గోడ అవతలి నుంచి కేకేసింది, ఎడమచేత్తోనైనా సరే, గింజ తీయడానికి రమ్మని. పని మధ్యలో ఎప్పుడైనా చెయ్యి ఆగిపోతే, ఈసారి ఎట్లుండె అని అడిగి, చివరిదాకా వినేది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. నా చెయ్యి కొన్ని నెలలు బాగుంటుంది, కొన్ని నెలలు ఉండదు. బెంగళూరు డాక్టర్లు ఒక్కొక్కరు ఒక్కో పేరు రాశారు, ఒక్కటీ నిలవలేదు. కొత్త డాక్టరు ఎప్పుడైనా కలం మూసి ఏమీ లేదమ్మా అంటే, ఒకప్పటిలా తలొంచుకుని లేచి రాను. ఎట్లుంటుందో మొదటి నుంచి మళ్లీ చెబుతాను. ఏమిటో నాకూ తెలియదంటాను. ఆయన ఇంకేమైనా అడుగుతాడేమోనని ఆ కుర్చీలో అలాగే కూర్చుంటాను.