పేరమ్మ లోపలి వల

వలలో చిరుగు కనిపిస్తే పేరమ్మ వెంటనే సూది పట్టదు. ముందు చుట్టుపక్కల వల కళ్ళను వేళ్ళతో లాగి చూస్తుంది. మైపాడు రేవులో రోజూ పొద్దున్నే ఇదే పని. తెగింది ఒక్క కన్నే అయినా, బరువు పడితే పక్కవీ వరసగా తెగుతాయి.

పదేళ్ళ కిందట ఆమెకు గర్భసంచి జారింది. నెల్లూరులో ఆపరేషన్ చేసి, అది మళ్ళీ దిగకుండా లోపల సన్నని వలలాంటిది పెట్టారు. "మనింట్లో లేవా అత్తా వలలు?" అని కోడలు సుభాషిణి అప్పట్లో నవ్వింది. కొన్నాళ్ళకు పేరమ్మ చేపల తట్ట మళ్ళీ నెత్తికెత్తుకుంది.

నిరుడు మాత్రం కూర్చుంటే లోపల ముల్లు గుచ్చినట్టు ఉండేది. చీరకు నెత్తురు అంటేది. ఎవరికీ చెప్పకుండా ఆ చీరలు విడిగా ఉతుక్కునేది. ఒకరోజు సుభాషిణి చూసింది.

"ఏందత్తా ఇది? నీకు ఎప్పుడో నిలిచిపోయింది గదా?"

"లోపల వల తెగినట్టుంది. డాక్టరమ్మ రవ్వంత కోసిందంటే మిగతాదీ చిరిగి, సంచి మళ్ళా జారిపోద్ది. గుచ్చుకుంటే గుచ్చుకోనీ."

"అంత లాగేదానికి నీ లోపల ఏమన్నా సొరచేప పడిందా? పద, పోదాం."

డాక్టర్ ఆనందకుమారి పరీక్ష చేసి, వల అంచు ఒకచోట లోపలి పొరను ఒరుసుకుని బయటపడిందని చెప్పింది. ఆ అంచు వరకే కోసి తీయాలంది.

"తక్కింది నిలబడుద్దా?" అని పేరమ్మ అడిగింది.

"ఇన్నేళ్ళలో నీ కండ ఆ కళ్ళల్లోకి పెరిగి పట్టుకుందమ్మా. అంచు కోసినంత మాత్రాన అంతా ఊడిరాదు. ఎప్పటికీ జారదని మాత్రం మాటివ్వలేను."

"మా దడికి పాత వల కట్టినాం. కాకర తీగ దాంట్లో అల్లుకునింది. అట్లాంటిదా?"

"అట్లాంటిదే. మొత్తం లాగితే తీగకే దెబ్బ."

"అయితే ఆ అంచే తియ్యి తల్లీ. తీసినాక నాకు చూపించాల."

ఆపరేషన్ అయ్యాక చిన్న సీసాలో గోరంత ముక్క చూపించారు. పేరమ్మ సీసాను వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పింది.

"ముడి యాడా లేదే. ఎట్లా అల్లినారో?"

"నీకు నొప్పి ఎట్లుందో చెప్పు ముందు," అంది సుభాషిణి.

నెత్తురు ఆగిపోయింది. నొప్పి కొంత మిగిలింది. పేరమ్మ ఇప్పుడు తట్ట ఎత్తదు. రేవు దగ్గరే ఎత్తు పీట మీద కూర్చుని చేపలు అమ్ముతుంది.