పల్లంరాజు పొదిగే పెట్టె

పల్లంరాజుకి కరెంటంటే భయం లేదు. అదే అతని రోగం. పగలంతా మొగల్తూరు చుట్టుపక్కల చేపల చెరువులకి ఆటోలో ఐసు తోలతాడు, ఇంటికొస్తే స్క్రూడ్రైవరు పట్టుకుంటాడు. ఎవరో గట్టున పారేసిన మోటారు స్టార్టరు డబ్బా తెచ్చి, లోపలిదంతా పీకేసి, వేడి చూపే మీటరూ, దాని మాట విని బల్బులు వెలిగించి ఆర్పే రిలే బిగించాడు. డబ్బాలోంచి వైర్లు థర్మకోల్ ఐసు పెట్టెలోకి వెళ్లాయి. కోడి లేకుండా గుడ్లు పొదిగించాలని సరదా.

మొదటిసారి రిలే అతుక్కుపోయింది. బల్బులు ఆరలేదు.

"పొదగమంటే ఉడకబెట్టావు. కాస్త ఉప్పు కూడా వేయాల్సింది" అంది భార్య నాగదుర్గ. ఆ మాట ఊరంతా తిరిగింది. ఐసు ఫ్యాక్టరీలో సత్తిరాజు రోజూ ఇవాళ కూరేంటని అడిగేవాడు.

రెండోసారి నవ్వులాట కాదు. నాగదుర్గ పెంచుకున్న నల్లపెట్టని గుడ్ల మీంచే కుక్క ఎత్తుకుపోయింది. వాళ్లమ్మ ఇచ్చిన జాతిలో అదే ఆఖరిది. గుడ్లని కొంగులో తెచ్చి అతని ముందు పెట్టింది. "ఇవి కూడా పోతే ఇక ఆ జాతి లేదు" అంది. వేళాకోళం లేదు ఆ గొంతులో.

పల్లంరాజు కొత్త రిలే వేశాడు. అన్నం తింటూ కూడా మీటరు వైపే చూసేవాడు.

గుడ్లు చిట్లడం మొదలైన పూటే ఇంట్లో కరెంటు పోయింది. వచ్చే తీగ బాగానే ఉంది. తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ స్తంభం దగ్గర తెగింది. లైన్‌మ్యాన్ సాయంత్రం దాకా రాడట. పెట్టెలో వేడి దిగిపోతోంది.

"బోరింగు పైపుకి కట్టెయ్ రా. నిరుడు మాకు పోతే నెల్రోజులు టీవీ అలాగే చూశాం" అన్నాడు పక్కింటి తాతాజీ, గోడ అవతల నుంచి.

ఆ వీధిలో అందరూ చేసేదే. పల్లంరాజు డబ్బాలోని న్యూట్రల్ వైరు ఊడదీసి, దొడ్లో బోరింగు పైపుకి చుట్టాడు. బల్బులు మసగ్గా వెలిగాయి. మసగ్గా ఎందుకో అతనికి తెలుసు. తుప్పు పైపుని నేల సరిగ్గా పట్టుకోలేదు. మిగిలిన కరెంటు పైపు మీదే నిలబడి ఉంది. నాగదుర్గ సంతకి వెళ్లింది కదా, వచ్చేలోపు దొడ్డి తలుపు గడియ పెట్టాలనుకున్నాడు. ఇంతలో ఒక గుడ్డు పెంకు కదిలింది. వంగి చూస్తూ ఉండిపోయాడు.

దొడ్డి తలుపు కిర్రుమంది. కిటికీలోంచి చూశాడు. నాగదుర్గ చేపల తట్ట దించి, బురద కాళ్లతో, నీచు చేతులతో బోరింగు దగ్గరికి నడుస్తోంది. ఆమె చెయ్యి పిడి మీదికి వెళ్తోంది.

ప్లగ్గు పట్టుకుని లాగాడు. వైరుతో పాటు డబ్బా బల్ల మీంచి పడి మీటరు పగిలింది.

బోరింగులో నీళ్లు పడ్డాయి. నాగదుర్గ చేతులు కడుక్కుంటూ ఆ చప్పుడుకి తలెత్తింది. అప్పుడు కనబడింది పైపుకి చుట్టిన తీగ. దాని వెంటే చూస్తూ కిటికీ దాకా వచ్చింది.

"దీని మీద కరెంటు ఉందా?"

"ఇప్పుడు లేదు."

ఆమె లోపలికొచ్చి, గ్యాస్ వెలిగించి, వేడినీళ్లు సీసాల్లో పోసి, తువ్వాళ్లు చుట్టి గుడ్ల మధ్య పెట్టింది. సాయపడబోయిన అతని చెయ్యి నెట్టేసింది. "ముందు ఆ తీగ విప్పు" అంది.

చీకటి పడేసరికి రెండు పిల్లలు బయటికొచ్చాయి. మిగతా గుడ్లు కదల్లేదు. నాగదుర్గ ఆ రెండింటినీ బుట్టలో వేసుకుని పుట్టింటికి బయల్దేరింది. ఆటోలో దింపుతానన్నాడు పల్లంరాజు.

"బస్సుంది" అంది.