సత్యవాణి కొలువులో ఖాళీ మెట్టు

మా ఎదురు క్వార్టర్లో సత్యవాణి ఉంటుంది, బడిపంతులమ్మ. ఆమె భర్త భీమశంకరం నిమ్‌పురా రైల్వే యార్డు ఆఫీసులో గుమాస్తా. ఆయన నోట పొద్దస్తమానం వేగన్ మాటే. అసలా మాట ఎక్కడ పుట్టిందో తేల్చాలని ఈవిడ లైబ్రరీ పుస్తకాలు తెప్పించుకుని చదివింది. ఎనభైయేడు దసరాకి బొమ్మల కొలువులో ఆ మాట వంశాన్నే కూర్చోబెట్టింది.

కింది మెట్టు మీద రేకు వేగన్, గూడ్సు పెట్టె బొమ్మ. ఇంగ్లీషువాళ్లు ఆ మాటను డచ్చివాళ్ల దగ్గర్నుంచి తెచ్చుకున్నారట. నడిమి మెట్టు మీద మట్టి బళ్లు, వాటికి పేర్ల చీటీలు: జర్మన్లకూ డచ్చివాళ్లకూ వాగెన్, స్వీడన్‌వాళ్లకు వాగ్న్, ఇంగ్లీషులో పాత మాట వేన్ (మోటారు వ్యాన్ కాదు). పై మెట్టు మీద నక్షత్రంలాంటి కాగితపు చుక్క ఒక్కటే.

"పై మెట్టు బోసిగా ఉందేటే?" అన్నాను.

"అక్కడ వీళ్లందరి అమ్మ ఉండాల, పిన్నీ. వాగ్నజ్ అని పేరు. ఎవరూ ఎక్కడా రాసిపెట్టినేదు. పిల్లల పోలికలు చూసి తల్లి ఇలాగ ఉండుంటాదని పండితులు ఊహించినారు. చూడని మనిషికి మొహం ఎలాగ పెడతాం? అలాటి మాట ముందు పండితులు చుక్క గుర్తు పెడతారు, అందుకే ఈ చుక్క."

"మరి పక్కన పీట మీద ఈ గరుత్మంతుడేటి?"

"మన సంస్కృతంలో వాహనం అన్న మాటకి గుర్తు. ఆ అమ్మకి వరసకి చెల్లెలు."

మర్నాడు పేరంటానికి వెళ్లేసరికి గరుత్మంతుడు పై మెట్టెక్కి ఉన్నాడు. చుక్క లేదు. భీమశంకరం పెదనాన్న సోమయాజులుగారు పడక్కుర్చీలో కాళ్లూపుతున్నారు.

"పై మెట్టు ఖాళీగా ఉంచితే ఇంటికి అరిష్టం. అయినా సంస్కృతం ఉండగా ఇంకో తల్లేటి?"

"అది అబద్ధం మావయ్యగారూ. అబద్ధం పెట్టి పేరంటం చెయ్యనేను," అంటూ సత్యవాణి గరుత్మంతుణ్ణి దించేసింది.

"అలాగైతే నా ఎదట ఈ కొలువే వద్దు. తీసెయ్!"

భీమశంకరం పేపరు వెనక దాక్కున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఏటయ్యా శంకరం, గొంతుకి వేగన్ అడ్డుపడిందేటి?" అన్నాను. పేపరు ఇంకాస్త పైకి జరుపుకున్నాడు.

సత్యవాణి బొమ్మలన్నీ బుట్టలోకెత్తింది. లొంగిపోయిందే అని పళ్లు కొరుక్కున్నాను. ఆవిడ తిన్నగా బయటికి నడిచి, వీధి గుమ్మం మెట్ల మీద కొలువంతా మళ్లీ పేర్చింది. కొత్త చుక్క కత్తిరించి పైన అంటించింది. ఆ సాయంత్రం పేరంటాళ్లందరూ రోడ్డు మీదే తాంబూలం పుచ్చుకున్నారు. పక్కింటి బెంగాలీ దీదీ కూడా వచ్చింది.

సోమయాజులుగారు మలంచా బజారుకి వెళ్లి తిరిగొచ్చి మెట్ల ముందు ఆగిపోయారు.

"దారి తియ్యమను," అన్నారు నాతో.

"నాకేటి పని? తొక్కుకుంటూ ఎళ్లండి, నవరాత్రుల్లో బొమ్మల్ని!"

ఆయన బొగ్గుల కుప్ప పక్కనుంచి వెనక సందులోకి తిరిగారు. అమ్మవారి నిమజ్జనం దాకా ఆయనకి పెరటి గుమ్మమే గతి. ఆ మరుసటేడు నుంచి సత్యవాణి కొలువు వీధి మెట్ల మీదే. భీమశంకరం మాత్రం ఈరోజుకీ నమస్కారం పెడితే నేను మొహం తిప్పేసుకుంటాను.