నోరు పెట్టిన నాడె

గద్వాల చీర నేయాలంటే మగ్గం మీద ఇద్దరుండాలి. మా ఇంట్లో నడుమ నేను, అంచు దగ్గర నా భార్య. అడ్డదారాన్ని అటూ ఇటూ మోసే నాడెలో కొత్త దారపు కండె పెట్టినప్పుడల్లా దారం కొసను దాని కంట్లోంచి బయటికి లాగాలి. అందుకు మాకున్న యంత్రం నోరే. కంటికి పెదవులు ఆనించి పీలిస్తే కొస వచ్చేస్తుంది. నేను పీల్చిన నాడెను ఆమె, ఆమె పీల్చినదాన్ని నేను. అందులో ఆలోచించడానికి ఏముంది?

తొంభైల మొదట్లో నన్ను పొడిదగ్గు పట్టుకుంది. మెడ పక్కన బిళ్లలు కట్టాయి. ఎక్స్‌రే చూసిన డాక్టరు టీబీ కావచ్చన్నాడు. మెడలో బిళ్లలకు నోట్లో బిళ్లలు వేసుకున్నాను. వాటివల్ల మూత్రానికి మాత్రం అద్దకంవాళ్లు అసూయపడేంత ఎర్రరంగు వచ్చింది. దగ్గు తగ్గలేదు. అమ్మ నా పళ్లెం వేరు చేసింది. నెల తప్పిన కోడలిని మగ్గం దగ్గరికి రావద్దంది. అమ్మను తప్పుపట్టలేను. చీర సగంలో ఆగిపోయింది, మా కాపురమూ దాదాపు అంతే.

చివరికి హైదరాబాదు దవాఖానలో మెడలోని ఒక బిళ్లను తీసి పరీక్షకు పంపారు. డాక్టరు దాన్ని సార్కాయిడోసిస్ అన్నాడు. నాకు నోరు తిరగలేదు. ఒంటిని కాపాడే కణాలే, శత్రువు కనబడకపోయినా, ఊపిరితిత్తుల్లో, మెడ బిళ్లల్లో గుంపుకట్టి చిన్న చిన్న ముడులు వేస్తాయట. చూడ్డానికి టీబీలాగే ఉంటుందట. బయట దారాల చిక్కులు తీసి బతికే నాకు లోపల పడ్డ ముడుల సంగతే తెలియలేదు.

నా భార్య ఒక్కటే అడిగింది.

"సారూ, ఆయన నోరు పెట్టిన నాడెకు మల్ల నేను నోరు పెట్టొచ్చునా?"

డాక్టరుకు నాడె తెలియదు. పెదవులు ముడిచి పీల్చి చూపించింది. ఆయన నవ్వలేదు. "పెట్టవచ్చమ్మా, ఇది అంటుకునే జబ్బు కాదు."

ఇంటికొచ్చి అంతా చెప్పాం. అమ్మ ఓపిగ్గా విన్నది.

"అంటదంటున్నవ్. మరి నీకు ఏడికెల్లి వచ్చింది కొడుకా?"

అదే మాట నేనూ అడిగాను, ఎవరికీ సరిగ్గా తెలియదన్నాడు డాక్టరు. అదే అమ్మకూ చెప్పాను. తెలియదు అనే జవాబును నమ్మమని ఎవరిని అడగగలం?

కొత్త మాత్రలకు నా ముఖం ఉబ్బి పున్నమి చంద్రుడైంది. దగ్గు మాత్రం అమావాస్య దారి పట్టింది. అయినా నా పళ్లెం వేరుగానే ఉంది. ఒక పొద్దున నా భార్య వచ్చి అంచు దగ్గర నిలబడింది. నా చేతిలోని నాడె అందుకుని, అమ్మ చూస్తుండగానే కొస పీల్చింది.

అమ్మ నాడె వంక చూసింది, కోడలి కడుపు వంక చూసింది.

"జర మెల్లగ కూసో," అంది చివరికి కోడలితో. "కడుపు ఒత్తుకుంటది."