లుబోవా కూర్చునే వైపు

ముకోనో దారిలోని కళాకేంద్రం వ్యవస్థాపకుడు డాక్టర్ కిగుండు మీద డాక్యుమెంటరీ తీస్తున్నారని తెలిసి సెచాంజికి ఒళ్లు మండింది. ఆ డాక్టరు పట్టా ఎక్కడిదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ముప్పై నాలుగేళ్లలో ఆయన చేసిందల్లా రిబ్బన్లు కత్తిరించడం, విదేశీ అతిథుల పక్కన నిలబడి పళ్లికిలించడం. చెట్టు కొట్టి, పన్నెండు చెక్క పలకలు చెక్కి, అవి సరిగ్గా పలికేదాకా రోజుల తరబడి గీకింది సెచాంజి, అతని జోడీ లుబోవా. పిల్లలకు వాయించడం నేర్పిందీ వాళ్లే.

అమదిండా అనే ఆ పలకల వాద్యం ఒక్కడు వాయించేది కాదు. రెండు అరటి బోదెల మీద పలకలు పరిచి, ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకడు కర్రలతో మొదలుపెడితే, దెబ్బకూ దెబ్బకూ మధ్య రెండోవాడు తన దెబ్బ వేస్తాడు. రెండూ కలిస్తేనే పాట. లుబోవా కిందటేడు పోయాడు. అతన్ని పూడ్చిన రోజు కిగుండు గంటసేపు మాట్లాడాడు, ముప్పావు గంట తన గురించే.

లుబోవా భార్య నకిమెరా ఒక్కటే అడిగింది. "మరిదీ, ఆ సినిమాలో ఆయన పేరు ఒక్కసారి చెప్పించు. పిల్లలు వినాలి."

"చెప్పిస్తా వదినా" అన్నాడు సెచాంజి.

షూటింగులో సెచాంజికి ఎదురుగా కర్రలు పట్టుకుని కిగుండు కూర్చున్నాడు. కెమెరాతో కంపాలా నుంచి వచ్చిన పిల్ల, "ఎదురుగా కూర్చుంటే ఒకరి వీపే పడుతోంది పెద్దాయనా. ఇద్దరూ ఒకే వైపు కూర్చోండి" అంది. అలా ఎవరైనా వాయిస్తారా? ఊళ్లో చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. కిగుండు మాత్రం క్షణం ఆలోచించకుండా వచ్చి పక్కన చతికిలబడ్డాడు. సెచాంజికి ఆ మనిషి మీద ఉన్న కాస్త గౌరవమూ పోయింది.

"లుబోవా పేరు వేస్తారా అమ్మా?" అని అడిగాడు. ఆ పిల్ల కిగుండు వైపు చూసింది.

"చివర్లో అందరి పేర్లూ వస్తాయిలేవయ్యా" అన్నాడు కిగుండు.

ప్రదర్శన రోజు నకిమెరా కొత్త గోమెసి గౌను తొడుక్కుని, పిల్లలతో ముందు వరసలో కూర్చుంది. తెర మీద కిగుండు మూడుసార్లు ఏడ్చాడు, మూడుసార్లూ తన త్యాగాలు తలచుకునే. చివర్లో పేర్లు వచ్చాయి. భోజనం పంపిన హోటలు ఉంది, కారు డ్రైవరు ఉన్నాడు. లుబోవా లేడు. నకిమెరా తల దించుకుంది. సెచాంజి ఆమె ముఖం చూడలేకపోయాడు.

చప్పట్లు ఆగకముందే కిగుండు వేదికెక్కి మైకు పట్టుకున్నాడు. "రావయ్యా సెచాంజీ, మనిద్దరం ఓ పాట వాయిద్దాం." మైకు కింద పడేసి, వేదిక మీదున్న అమదిండా దగ్గరకు వెళ్లి లుబోవా వైపు కూర్చున్నాడు.

సెచాంజి మొదలుపెట్టాడు, లుబోవాతో వాయించే వేగంతోనే. కిగుండు కర్ర ఒకసారి పలకను తప్పింది, మరోసారి సెచాంజి కర్రకే తగిలింది. వెనక వరసల్లో ముసలాళ్లు పకపకా నవ్వారు.

"నెమ్మదిగా కానీవయ్యా, జనం చూస్తున్నారు" అని కిగుండు పళ్లు బిగించి గొణిగాడు.

"నా జోడీ ఎప్పుడూ నెమ్మదిగా అనలేదు" అన్నాడు సెచాంజి. చెయ్యి ఆపలేదు. కిగుండు కర్రలు ఒళ్లో పెట్టుకుని, వెర్రి నవ్వొకటి ముఖానికి పులుముకుని కూర్చున్నాడు. సెచాంజి వాయించే సగం పాట ఒక్కటే టకటకమంటూ సాగింది.

నకిమెరా లేచి వేదిక దగ్గరకు వచ్చింది. కింద పడి ఉన్న మైకు అందుకుంది.

"అయ్యా, అది లుబోవా చోటు. లేవండి."

కిగుండు కెమెరా పిల్ల వైపు చూశాడు. ఆమె తీస్తూనే ఉంది. ఆయన లేచాడు. ఖాళీ అయిన చోట ఎవరూ కూర్చోలేదు, సెచాంజి పాట చివరిదాకా వాయించాడు. ఆ మైకులో లుబోవా పేరు వినిపించింది అదొక్కసారే. పిల్లలు విన్నారు.