గద్దలకు మేత

బాచుపల్లిలో అపార్ట్‌మెంట్ల మధ్య మిగిలిపోయిన పెంకుటిల్లు పోచమ్మది. పొలం అమ్మినా ఆమె కోళ్లను మాత్రం వదల్లేదు. అవి తల్లి ఇచ్చిన నాటుకోళ్ల సంతతి. అందులో ఇప్పుడు పొదిగేది ఒక్క నల్లపెట్టే. మిగతావి గుడ్లు మానేసిన ముసలి పెట్టలు. నల్లపెట్ట పిల్లలు బతక్కపోతే ఆ సంతతి అంతటితో సరి.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. రాస్తారోకోలతో కోళ్ల లారీలు రాక మూలమీది చికెన్ దుకాణం మూతపడింది. ఆ దుకాణం వాళ్లు పేగులన్నీ చెరువు గట్టున పారబోసేవారు. వాటి మీద బతికిన గద్దలు ఇప్పుడు పోచమ్మ పెరటి మీద తిరగసాగాయి. ఆమె పాత చీరలు అడ్డం కట్టింది. ఆ ఇంట్లోనే ఒక మూలన కిరాయికుండే సుబ్బమ్మ తన కొడుకు ఆఫీసులో పారేసిన సీడీలు తెచ్చి తాళ్లకు వేలాడదీసింది. అయినా ఒక పిల్ల పోయింది.

"ఏందే సుబ్బమ్మా, గీ గద్దలు మీ సీమకెల్లి గిట్ల దిగినయా?"

"మావైతే బందులు చెయ్యవులేక్కా, దినామూ పనికి పోతాయి," అని నవ్వింది కడప సుబ్బమ్మ. "కడుపు నిండితే ఇవి పిల్లల జోలికి రావు. ముసలిపెట్టను కోసి, పేగులు ఆ గోడమీద ఎయ్యి."

పోచమ్మకు సబబనిపించింది. దుకాణం నడిచినన్నాళ్లూ గద్దలు తన పెరటి వంక చూడలేదు మరి.

ఆ రోజు పిల్లలు నిశ్చింతగా తిరిగాయి. కూర ఇద్దరూ పంచుకున్నారు. మరునాడు గద్దలు ఇంకా ఎక్కువ వచ్చాయి. పోచమ్మ ఇంకో పెట్టను కోసింది.

"ఇగ బంద్ చేద్దామే," అంది ఆకాశం చూస్తూ.

"ఇప్పుడాపితే పిల్లలమీద పడతాయక్కా."

సమ్మె ఆగలేదు. ముసలి పెట్టలు అయిపోయాయి. గద్దలు చక్కర్లు కొట్టడం మానేసి గోడమీద వరుసగా కూర్చుని ఇంటి తలుపు వైపే చూడసాగాయి. ఒక్కటీ అరవలేదు.

చివరికి ఒక పొద్దున లారీ వచ్చింది. దుకాణం షట్టర్ లేచింది.

"ఫికర్ తీరిందే," అంది పోచమ్మ.

మధ్యాహ్నానికి చెరువు గట్టున పేగుల కుప్ప పడింది. కాకులు అటు ఎగిరిపోయాయి. గద్దలు కదల్లేదు.

నల్లపెట్ట పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుని పెరటి మధ్యలో కూర్చుంది. వాటిని ఇంట్లోకి తేవాలని పోచమ్మ గంపతో మెల్లగా దగ్గరికి వెళ్లి, చెయ్యి చాచింది.

ఇన్నాళ్లూ ఆమె చెయ్యి చాస్తే మేత పడేది. గద్దలన్నీ ఒక్కసారిగా గోడ దిగాయి.